నాన్న వైపు కూడా అడగండి

డాక్టరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ వంశంలో నడుస్తుందా, జీన్ టెస్టు చేయించుకోవాలా అని. నల్గొండలో సర్జన్‌గా ఉన్న నా దగ్గరికి వచ్చే కుటుంబాలు కూడా ఇదే అడుగుతున్నాయి. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. ఊళ్లు ఉంచి పేర్లు తీసేశాను.

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ప్రైవేటు బడిలో టీచర్ని. మా పెద్ద మేనత్త రొమ్ము క్యాన్సర్‌తో 41 ఏళ్లకే పోయింది. చిన్న మేనత్తకు అండాశయంలో క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి కీమో ఇచ్చారు, ఇప్పుడు తిరుగుతోంది. అమ్మ వైపు ఎవరికీ లేదు. "ఇది తల్లి నుంచి బిడ్డకు వచ్చేది, మీ అమ్మ వైపు లేదు కాబట్టి నీకేం భయం లేదు" అని మా బంధువు ఒకాయన ధైర్యం చెప్పాడు. కానీ నాకు ఇద్దరు ఆడపిల్లలు, తొమ్మిదేళ్లు ఒకరికి, ఆరేళ్లు ఒకరికి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేను జీన్ టెస్టు చేయించుకోవాలా?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: అమ్మా, మీ బంధువు మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు. కానీ ఆ మాట తప్పు. ఈ ముప్పు అమ్మ వైపు నుంచి ఎంత వస్తుందో నాన్న వైపు నుంచీ అంతే వస్తుంది. నాన్న వైపు సంగతి ఎవరూ అడగక ఆలస్యమైన కుటుంబాలను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

దాదాపు ప్రతి జన్యువూ మనలో జంటగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. రొమ్ము క్యాన్సర్ అనగానే అందరూ చెప్పే బీఆర్‌సీఏ-1 పదిహేడో క్రోమోజోమ్ మీద, బీఆర్‌సీఏ-2 పదమూడో క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఆడా మగా అన్నది తేల్చే క్రోమోజోములతో వీటికి సంబంధమే లేదు. మీ మేనత్తలకు ఉన్నట్టే మీ నాయనకూ ఈ జన్యువులు రెండేసి ఉన్నాయి. మీ నానమ్మలోనో తాతలోనో ఆ జంటలో ఒక ప్రతి చెడి ఉంటే, అది మీ మేనత్తలకు వచ్చినట్టే మీ నాయనకూ వచ్చి ఉండొచ్చు. అందుకు సగం అవకాశం. మగమనిషి కాబట్టి ఆయనలో అది సాధారణంగా పైకి కనపడదు. ఆయనకు ఉంటే ఆయన నుంచి మీకు రావడానికి మళ్లీ సగం అవకాశం. అసలు మీ నాయనకు అక్కచెల్లెళ్లే లేకుండా అన్నదమ్ములే ఉండుంటే, మీ ఇంట్లో ఈ అనుమానం కూడా ఎవరికీ వచ్చి ఉండేది కాదు.

ఈ జన్యువుల పని డీఎన్ఏ తెగినచోట సరిగ్గా అతకడం. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు ఆగి, రెండు కొసలూ పట్టి అతికి, మళ్లీ నేత సాగిస్తాడు కదా, అలాంటి పని. ఒక ప్రతి చెడి పుట్టినా రెండోది ఆ పని చేస్తూనే ఉంటుంది. ఏదో ఒక రోజు రొమ్ములోనో అండాశయంలోనో ఒక కణంలో ఆ రెండోది కూడా పాడైతే ఇక అతికే దిక్కుండదు. తప్పుల మీద తప్పులు పేరుకుని క్యాన్సర్‌కు దారి తీస్తాయి. కాబట్టి వారసత్వంగా వచ్చేది జబ్బు కాదు, జబ్బు పడే వీలు. చెడిన ప్రతి ఉండి కూడా ఎనభై ఏళ్లు నిండుగా బతికిన వాళ్లున్నారు.

ఎంత ముప్పు అంటే, మన దేశంలో దాదాపు ముప్పై మంది ఆడవాళ్లలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వస్తుంది. బీఆర్‌సీఏ-1 చెడిన వందమందిలోనైతే 80 ఏళ్లు వచ్చేలోగా 72 మందికి, బీఆర్‌సీఏ-2 చెడిన వందమందిలో 69 మందికి వస్తుందని 2017లో ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అండాశయ క్యాన్సర్ మొదటి జన్యువు చెడితే వందలో 44 మందికి, రెండోది చెడితే 17 మందికి. ఆ లెక్కల్లో ఎక్కువమంది పాశ్చాత్య దేశాల వాళ్లు, మన దగ్గర కొంత అటూ ఇటూ ఉండొచ్చు. ఇవి చూసి అందరూ భయపడొద్దు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వందమందిలో ఇలా వారసత్వంగా వచ్చిన మార్పు వల్ల వచ్చేవి అయిదు నుంచి పది మాత్రమే. కానీ మీ ఇంట్లో ఒక అక్కకు చిన్నవయసులో రొమ్ము, ఆమె చెల్లెలికి అండాశయం. ఈ రెండూ ఒకే రక్తంలో కనిపిస్తే మేం తేలిగ్గా తీసుకోం.

ఇక టెస్టు. ముందు చేయించుకోవాల్సింది మీరు కాదు, మీ చిన్న మేనత్త. ఇది చాలామంది తలకిందులు చేసే విషయం. జబ్బు రాని మీరు ముందు రక్తం ఇచ్చి "ఏమీ లేదు" అని రిపోర్టు వచ్చిందనుకోండి. ఇంట్లో ఉన్న మార్పు మీకు రాకుండా తప్పిందా, లేక ఆ మార్పు ఈ టెస్టుకు దొరికే రకమే కాదా అన్నది ఎవరూ చెప్పలేరు. జబ్బు వచ్చిన మనిషిలో వెతికితే దొరికేది అక్కడే దొరుకుతుంది. పైగా ఇది మీ మేనత్తకూ పనికొస్తుంది. అండాశయ క్యాన్సర్ వచ్చిన వాళ్లకు ఏ వయసులోనైనా ఈ టెస్టు చేయాలన్నదే ఇప్పటి పద్ధతి. బీఆర్‌సీఏ చెడినట్టు తేలితే, ఒలాపరిబ్ లాంటి మాత్రలు జబ్బు తిరగబెట్టకుండా ఎక్కువ కాలం ఆపగలవు. అవి ఆమెకు తగినవేనా అన్నది ఆమె క్యాన్సర్ డాక్టరును అడగాలి.

ఆమెలో మార్పు దొరికితే తర్వాత మీ నాయన. ఆయనకు జన్యువులన్నీ చదవక్కర్లేదు, మేనత్త రిపోర్టులో తప్పు ఏ చోట ఉందని రాశారో ఆ ఒక్క చోటే చూస్తారు. మొదటి టెస్టుకు వేలల్లో అవుతుంది, దీనికి అందులో కొంతే. ఆయనకు లేదని తేలితే ఆ మార్పు మీకూ లేదు, మీ అన్నదమ్ములకూ లేదు, మీ ఆడపిల్లలకూ లేదు. ఉందని తేలితే అప్పుడు మీ వంతు.

మీ నాయన "నాకెందుకు బిడ్డా ఈ ఆడోళ్ల టెస్టు" అంటాడు. దాదాపు అందరు తండ్రులూ అంటారు. ఆయనతో వాదించకండి. ఒక చిన్న గొట్టంలో నాలుగైదు మిల్లీలీటర్ల రక్తం, షుగర్ టెస్టుకు ఇచ్చినట్టే, అని చెప్పండి. ఇది ఆయనకూ అవసరమేనని చెప్పండి. బీఆర్‌సీఏ-2 చెడిన మగవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, వందలో ఆరేడుగురికి రొమ్ము క్యాన్సర్ కూడా వస్తుంది. మగవాళ్ల రొమ్ములో గడ్డను ఏదో దెబ్బ తగిలిందిలే అని నెలల తరబడి వదిలేస్తారు. ఉందని తెలిసిన మనిషి అలా వదలడు.

హైదరాబాద్ వెళ్లే ముందు ఇంట్లో ఒక పని చేయండి. తెల్లకాగితం మీద మీ నాయన వైపు, అమ్మ వైపు మూడు తరాలు గీయండి. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం. ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో వచ్చింది రాయండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఓపిగ్గా అడగండి. "కడుపుబ్బి పోయింది" అని ఎవరి గురించైనా అంటే అది కూడా రాసుకోండి. అది అండాశయానిది అయి ఉండొచ్చు, కాకనూ పోవచ్చు. ఇంకో సంగతి, మన జిల్లాల్లో నలభై రాకముందే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు చాలామంది. దాంతోపాటు అండాశయాలు కూడా తీశారా అని అడగండి. తీసి ఉంటే ఆమెలో రావాల్సిన జబ్బు రాకుండా పోయి ఉండొచ్చు, కాగితం మీద ఆమె పేరు ఖాళీగా కనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఉత్త గర్భసంచి మాత్రమే తీయించుకుని "ఇక నాకు ఆడక్యాన్సర్లు రావు" అనుకునే వాళ్లకు కూడా చెప్తున్నాను: అండాశయాలు లోపలే ఉన్నాయి, రొమ్ములున్నాయి. ఆ భరోసా నిజం కాదు.

ఇలాంటి కాగితాలతోనే ఈ శాస్త్రం మొదలైంది. అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 23 కుటుంబాల వంశవృక్షాలు పట్టుకుని, రొమ్ము క్యాన్సర్ ముప్పు తెచ్చే జన్యువు పదిహేడో క్రోమోజోమ్ మీద ఉందని 1990లో చూపించారు. రొమ్ము క్యాన్సర్‌కు వారసత్వంగా వచ్చే ఒకే జన్యువు కారణం కావచ్చంటే అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1994లో ఆ జన్యువు దొరికింది, మరుసటి ఏడు రెండోది.

కాగితం పట్టుకుని పంజాగుట్ట నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లండి. మేనత్తను వెంటబెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది. టెస్టుకు ముందు కౌన్సెలింగ్ చేస్తారు, అది వదలకండి. రక్తం ఇచ్చాక రిపోర్టుకు కొన్ని వారాలు పడుతుంది.

మీ పాపలకు ఇప్పుడు ఏ టెస్టూ వద్దు. పద్దెనిమిది దాటాక, వాళ్లే అర్థం చేసుకుని వాళ్లే నిర్ణయించుకోవాలి. చిన్నవయసులో తెలిసినా చేసేదేమీ లేదు, మనసు మీద బరువు తప్ప. మీరు మాత్రం ఈ నెలలోనే ఒకసారి సర్జన్‌కు రొమ్ములు చూపించుకోండి. జబ్బు రాలేదు కదా అని రిపోర్టు కోసం ఆగకండి.

ప్రశ్న: మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా వాడలో ఇద్దరికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఫ్లోరైడ్ వల్ల జన్యువులు చెడి మా పిల్లలకు కూడా వస్తుందా?
– మర్రిగూడ మండలం నుంచి

జవాబు: ఫ్లోరైడ్ మన జిల్లాకు చేసిన అన్యాయం నాకు తెలుసు. వంగిన కాళ్లు, గారపట్టిన పళ్లు, నిటారుగా నిలబడలేని నడుములు చూస్తూనే పెరిగాను. అది ఎముకలకు, పళ్లకు చేసే హాని. రొమ్ము క్యాన్సర్‌కు ఫ్లోరైడ్ కారణమని తేలలేదు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే బీఆర్‌సీఏ మార్పు తాగే నీళ్లతో వచ్చేది కాదు, తరాలుగా వంశంలో దిగుతూ వచ్చేది. ఆ ఇద్దరూ రక్తసంబంధీకులా, ఏ వయసులో వచ్చింది అన్నది చూడండి. వేరువేరు కుటుంబాల వాళ్లై, అరవై దాటాక వస్తే దాన్ని వంశానికి ముడిపెట్టక్కర్లేదు.

ప్రశ్న: నాకు మా అమ్మ తమ్ముడితోనే, అంటే మా మేనమామతోనే పెళ్లి చేశారు. అమ్మకు 39 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. టెస్టు చేసి బీఆర్‌సీఏ-2లో తేడా ఉందన్నారు. మాకు ఏడేళ్ల బాబు ఉన్నాడు, బాగానే ఉన్నాడు. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. మేనరికం వల్ల ప్రమాదం రెట్టింపు అవుతుందా? మా ఆయన మగమనిషి కదా, ఆయనకు టెస్టు ఎందుకు అంటున్నారు.
– మక్తల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. రెండో బిడ్డ కోసం చూడకముందే అడిగారు, అది ఇంకా మంచిది.

రొమ్ము క్యాన్సర్ ముప్పుకు మేనరికం కారణం కాదు. దానికి ఒక్క చెడిన ప్రతి చాలు, పరాయి సంబంధం చేసుకున్నా వస్తుంది. కానీ మీ ఇంట్లో సంగతి వేరు. మీ అమ్మకు ఆ మార్పు ఆమె తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుంది. ఆ తల్లిదండ్రులే మీ ఆయన తల్లిదండ్రులు కూడా. అంటే అమ్మ నుంచి మీకు రావడానికి సగం అవకాశం, మీ ఆయనకు కూడా సగం అవకాశం. ఇద్దరికీ ఉండే అవకాశం నాలుగో వంతు.

ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశంతో బిడ్డకు రెండు ప్రతులూ చెడినవే రావొచ్చు. బీఆర్‌సీఏ-2 రెండు ప్రతులూ చెడితే ఫ్యాంకోనీ అనీమియా అనే అరుదైన, కఠినమైన జబ్బు. రక్తం తయారు కాదు, ఎదుగుదల తగ్గుతుంది, కొందరికి బొటనవేళ్లు సరిగ్గా ఉండవు, పసితనంలోనే రక్త క్యాన్సర్, మెదడు, మూత్రపిండాల గడ్డలు వస్తాయి. ఇప్పుడు మీ ఇద్దరిలో ఎవరికీ టెస్టు కాలేదు కాబట్టి మొత్తం లెక్క వేస్తే ఆ ముప్పు పదహారులో ఒకటి. టెస్టు చేయిస్తే అది చాలావరకు సున్నా అని తేలిపోతుంది. మీ ఇద్దరిలో ఏ ఒక్కరికి లేకపోయినా ఈ భయం పోయినట్టే. అందుకే మీ ఆయన టెస్టు మీ టెస్టుతో సమానం.

మీ అమ్మ రిపోర్టు కాగితం జాగ్రత్తగా ఉందా? అందులో ఆ మార్పు పేరు అక్షరాలు, అంకెలతో రాసి ఉంటుంది. అది లేకుండా "బీఆర్‌సీఏ పాజిటివ్" అని నోటితో చెప్తే ల్యాబు వాళ్లకు ఏ చోట చూడాలో తెలియదు. కాగితం పోయి ఉంటే టెస్టు చేసిన చోట మళ్లీ అడిగి తీసుకోండి.

ఇద్దరికీ ఉందని తేలినా దారులున్నాయి. పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చూసే టెస్టు ఉంది. అది మీరు కోరుకుంటేనే. జెనెటిక్స్ డాక్టర్ ఎదుట ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది, అత్తగారింట్లో పదిమంది మధ్య కాదు. మీ బాబు ఏడేళ్లు ఆరోగ్యంగా ఉన్నాడంటే మంచి గుర్తే. అయినా మీ ఇద్దరికీ ఉందని తేలితే వాడి విషయం కూడా ఆ డాక్టరుకు చెప్పండి.

మీకు మార్పు ఉంటే మీ రొమ్ముల పరీక్షలు కూడా అప్పటి నుంచే మొదలుపెట్టాలి. బిడ్డ సంగతిలో పడి అది మరవకండి.

ప్రశ్న: మా అక్కకు రొమ్ము క్యాన్సర్. జీన్ టెస్టు రిపోర్టులో "వీయూఎస్" అని వచ్చింది. అది పాజిటివా నెగెటివా? మా అందరినీ కూడా టెస్టు చేయించుకోమని ఒకరు, అక్కకు రెండో రొమ్ము కూడా తీసేయమని ఇంకొకరు చెప్తున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– సూర్యాపేట నుంచి

జవాబు: రెండూ చేయకండి. వీయూఎస్ అంటే జన్యువులో ఒక మార్పు కనిపించింది, అది హాని చేసేదో చేయనిదో ఇప్పటికి తెలియదు అని అర్థం. మనిషికీ మనిషికీ డీఎన్ఏలో లక్షల తేడాలుంటాయి, వాటిలో చాలావాటితో ఏ ఇబ్బందీ లేదు. ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియాలంటే వేలమంది వివరాలు కావాలి. ఆ వివరాలు ఎక్కువగా పాశ్చాత్యులవి, మనవాళ్లవి తక్కువ. అందుకే మన రిపోర్టుల్లో ఈ మాట ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాత్తర్వాత తేలినవాటిలో చాలా భాగం హానిలేనివిగానే తేలాయి.

కాబట్టి ఆ రిపోర్టు మీద ఆధారపడి రొమ్ములు, అండాశయాలు తీయరు, బంధువులకు టెస్టులు చేయరు. అక్క చికిత్స ఆమె జబ్బును బట్టి నడుస్తుంది. మీ ఆడవాళ్ల జాగ్రత్తలు కుటుంబ చరిత్రను బట్టి నడుస్తాయి, అక్కకు ఏ వయసులో వచ్చింది, ఇంకెవరికి ఉంది అన్నదాన్ని బట్టి. రిపోర్టును ఫైల్లో పెట్టి రెండేళ్లకోసారి ల్యాబుకు ఫోన్ చేసి "దీని సంగతి ఏమైనా తేలిందా" అని అడగండి. ఆపరేషన్ చేయాలని తొందరపెట్టే వాళ్లుంటే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. తీసేసిన రొమ్ము మళ్లీ రాదు.

ప్రశ్న: మా అమ్మ 44 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆమెకు, తర్వాత నాకు బీఆర్‌సీఏ-1లో మార్పు ఉందని తేలింది. నాకు 25 ఏళ్లు, ఇంకా పెళ్లి కాలేదు, సంబంధాలు చూస్తున్నారు. "ఈ మాట బయటికి రానీయకు, నీ చెల్లి పెళ్లి కూడా ఆగిపోతుంది" అని పిన్ని అంటోంది. రెండు రొమ్ములూ తీయించుకోవాలని నెట్‌లో చదివాను. ఏం చేయను?
– జడ్చర్ల నుంచి

జవాబు: బిడ్డా, ముందు ఒక మాట. నువ్వు రోగివి కాదు. నీకు క్యాన్సర్ లేదు. మీ అమ్మకు లేని ఒక అవకాశం నీకు ఉంది, ముందే తెలియడం.

ఇవాళే ఏ ఆపరేషనూ నిర్ణయించుకోవాల్సిన పని లేదు. ముప్పై లోపు జబ్బు వచ్చేది కొద్దిమందికే. ఈ వయసులో చేయాల్సింది కాపలా. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి డాక్టరు చేత్తో పరీక్ష. ఏడాదికోసారి రొమ్ముల ఎమ్మారై, రంగుమందు ఎక్కించి తీసేది. నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదిహేనో రోజు మధ్య అపాయింట్‌మెంట్ తీసుకో, అప్పుడే బొమ్మ స్పష్టంగా వస్తుంది. చిన్నవయసులో రొమ్ము కండ దట్టంగా ఉంటుంది కాబట్టి మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, గడ్డ దాగిపోతుంది. అందుకే ముందు ఎమ్మారై, ముప్పై నుంచి మామోగ్రామ్ కూడా కలుపుతారు. నెలకోసారి, నెలసరి అయిన వారానికి, మూడు వేళ్ల మెత్తటి భాగంతో రొమ్మునూ చంకనూ గుండ్రంగా తడిమి చూసుకో. నొప్పి లేని గడ్డ, చర్మం లోపలికి గుంటపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం మరక, వీటిలో ఏది కనిపించినా తర్వాతి ఎమ్మారై దాకా ఆగొద్దు.

రొమ్ములు తీసేసే ఆపరేషన్ నిజంగానే ముప్పును తొంభై శాతం పైగా తగ్గిస్తుంది. హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ తనకు బీఆర్‌సీఏ-1 మార్పు ఉందని, అందుకే రొమ్ములు తీయించుకున్నానని 2013లో బయటపెట్టాక ప్రపంచమంతా దీని గురించి మాట్లాడింది. అది ఆమె నిర్ణయం. నీకు నచ్చితే నువ్వూ తీసుకోవచ్చు, తొందరేం లేదు, పిల్లలకు పాలిచ్చాక కూడా ఆలోచించవచ్చు. పాలివ్వడం నీకు మంచిదే. తప్పించకూడనిది ఇంకోటుంది. అండాశయ క్యాన్సర్‌ను ముందుగా పట్టే నమ్మకమైన పరీక్ష లేదు. కాబట్టి పిల్లలు పుట్టాక, 35 నుంచి 40 ఏళ్ల మధ్య అండాశయాలు, ట్యూబులు తీయించుకోమని బీఆర్‌సీఏ-1 వాళ్లకు గట్టిగా చెప్తాం. ఆ లెక్క మనసులో పెట్టుకుని పెళ్లి, పిల్లల సంగతి చూసుకో.

పెళ్లి మాట. పిన్ని భయం నాకు అర్థమవుతుంది, మన దగ్గర ఆడపిల్ల జాతకంలో చిన్న మచ్చ ఉన్నా వెనక్కి పోయే సంబంధాలుంటాయి. ఊరందరికీ చెప్పక్కర్లేదు. కానీ చేసుకోబోయే అబ్బాయికి మాత్రం నిశ్చితార్థానికి ముందే చెప్పు. ఏటా ఎమ్మారైకి వెళ్లాలి, నలభైలోపు ఆపరేషన్ చేయించుకోవాలి, పిల్లల విషయం మాట్లాడుకోవాలి. ఇవన్నీ భర్తకు తెలియకుండా ఎలా చేస్తావు? దాచిపెట్టి పరీక్షలు మానేసిన అమ్మాయిల గురించే నాకు ఎక్కువ బెంగ. అతన్ని తీసుకుని డాక్టరు దగ్గరికి రా, అడగాల్సినవన్నీ అతన్నే అడగనీ. విని వెనక్కి పోయేవాడైతే పెళ్లికి ముందే పోయాడని అనుకో.

చెల్లికి పద్దెనిమిది నిండితే ఆమెకు చెప్పే బాధ్యత నీది. ఆమెకు లేకపోవడానికి సగం అవకాశం ఉంది, ఆ నిశ్చింతను ఆమె నుంచి దాచొద్దు. ఈ మార్పు అమ్మకు ఆమె తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుంది కాబట్టి పిన్ని కూడా టెస్టు చేయించుకోవాలి. ఆమెకు కూడా సగం అవకాశం ఉందని ఎవరూ చెప్పి ఉండరు. మేనమామలకు కూడా చెప్పండి.

ప్రశ్న: నేను ఆశా వర్కర్ని. ముప్పై దాటిన ఆడవాళ్లకు రొమ్ము పరీక్షలకు పేర్లు రాసుకుంటుంటాం. జీన్ టెస్టు కోసం ఎవరిని పంపాలి? అందరూ అడుగుతున్నారు.
– కల్వకుర్తి నుంచి

జవాబు: అందరికీ అక్కర్లేదు తల్లీ. యాభై లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చిన మనిషి ఇంట్లో ఉంటే పంపు. రెండు రొమ్ముల్లోనూ వచ్చినా, మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చినా, అండాశయ క్యాన్సర్ ఏ వయసులో వచ్చినా పంపు. బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ నెగెటివ్ అని ఉంటే, అదే ట్రిపుల్ నెగెటివ్ అంటారు, అలాంటి వాళ్లను పంపు. బీఆర్‌సీఏ-1లో ఈ రకం ఎక్కువగా కనిపిస్తుంది. అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి ఉన్నా పంపు. నీ రిజిస్టరులో "కుటుంబంలో ఎవరికైనా" అని అడిగేటప్పుడు మేనత్తలు, నానమ్మ, చిన్నాయన బిడ్డలు అని పేరుపెట్టి అడుగు. ఉత్తగా అడిగితే అందరూ అమ్మ, అమ్మమ్మ, అక్కచెల్లెళ్ల దగ్గరే ఆగిపోతారు.

పంపేటప్పుడు జబ్బు వచ్చిన మనిషినే పంపు, వీలైతే బంధువొకరు తోడు. ఆమె బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ కాగితాలు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు సంచిలో పెట్టించు. ఆపరేషన్, కీమో, రేడియేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి మన జిల్లాల నుంచి రోజూ జనం వెళ్తూనే ఉంటారు, దారి తెలిసిన మనిషి ప్రతి ఊళ్లో ఒకరుంటారు.

గడ్డ చేతికి తగిలిన మనిషిని మాత్రం జీన్ టెస్టు పేరుతో ఒక్క వారం కూడా ఆపొద్దు. ఆమెకు ముందు కావాల్సింది అల్ట్రాసౌండో మామోగ్రామో, బయాప్సీ. పత్తి ఏరడం అయిపోయాక వెళ్తా, పండగ అయ్యాక వెళ్తా అంటారు. నువ్వే బస్సెక్కించు.